కో-ఆప్షన్ కుర్చీ

జోగిపేట పేరు చరిత్ర పుస్తకాల్లో సాధారణంగా ఒక్క సందర్భంలోనే వస్తుంది. 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొట్టమొదట సమావేశమైన ఊరది. అంతకు ముందు 1921లో హైదరాబాదులో ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారనీ, ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టిందనీ, అది పెరిగి జోగిపేట దాకా వచ్చిందనీ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు గడగడా అప్పజెబుతారు. ఆ సభ మాట వచ్చినప్పుడు మనవాళ్లు మాత్రం కాస్త పక్కకు జరుగుతారు. అది తమ మీద జరిగిన సభ అని ఎప్పుడో ఎవరో వాళ్ల చెవిన వేసి ఉంటారు. హిందూ మిత్రుల్లోనూ కొందరిది అదే అభిప్రాయం.

ఆ సభల వెనకున్న పెద్దల రాతకోతలు చాలావరకు ఉర్దూలో సాగాయన్న సంగతి ఎవరూ చెప్పరు. మాడపాటి హనుమంతరావు 'ముషీరె దక్కన్' ఉర్దూ పత్రికలో పనిచేసినవాడు. మందుముల నరసింగరావు 'రయ్యత్' అనే ఉర్దూ పత్రిక నడిపాడు. 1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో హతుడైన షోయబుల్లా ఖాన్, 'ఇమ్రోజ్' స్థాపించక ముందు పనిచేసింది ఆ 'రయ్యత్'లోనే. వాళ్లు అడిగింది బడిలో, కచేరిలో తెలుగుకు చోటు. రెండు భాషల్లో రాసి బతికే నాలాంటి వాడికి ఆ కోరికలో పరాయితనం ఏమీ కనిపించదు. పైగా ఆ మాడపాటి 1951లో హైదరాబాదు నగరానికి తొలి మేయరయ్యాడు. ఉర్దూ పత్రిక బల్ల దగ్గర మొదలైన మనిషి నగరపాలక సంస్థ కుర్చీ దాకా వెళ్లాడు. మరి అదే ఉర్దూ మాట్లాడుకునే సాయిబు తన ఊరి పంచాయతీ కుర్చీ దాకా ఎందుకు వెళ్లలేకపోయాడన్నది ఈ వ్యాసంలో నా ప్రశ్న.

నిజాం కాలంలో ఏలింది వాళ్లే కదా, ఇంకా ఏం కావాలి అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. రాజు మతం చూసి ఈ మాట అనేవాళ్లు ఊరిని చూసినవాళ్లు కారు. తెలంగాణ పల్లెలో ప్రభుత్వం అంటే పట్వారీ, మాలీ పటేల్, పోలీసు పటేల్. వాళ్లపైన దేశ్‌ముఖ్. ఈ పదవులు చాలా మటుకు బ్రాహ్మణ, రెడ్డి, వెలమ ఇళ్లల్లో తాత నుంచి మనవడికి వచ్చేవి. నగరంలో జాగీర్దారు, నవాబు ఉన్నారు నిజమే. పల్లెలో ముస్లిం అంటే దూది ఏకేవాడు, మేక కోసేవాడు, జట్కా తోలేవాడు, పీర్ల చావిడిలో ఊదు వేసే ముజావరు, బహుత్ అయితే కచేరి ముందు నిలబడే జవాను. పట్వారీ పుస్తకంలో ఏం రాశాడో వీళ్లకీ తెలియదు, పక్కనున్న మాదిగకీ తెలియదు. అలాంటి మనిషి దగ్గరకు 1930ల చివర మజ్లిస్ నాయకుడు బహదూర్ యార్ జంగ్ 'అనల్ మాలిక్' అనే నినాదం పట్టుకొచ్చాడు. ప్రతి ముస్లిమూ ఈ రాజ్యానికి యజమానే అని దాని అర్థం. ఇంట్లో రెండో పూటకు జొన్నలు లేని దూదేకుల మనిషిని యజమానీ అన్నారు. వాడూ నమ్మాడు. 1939 సంస్కరణల్లో శాసనసభలో హిందూ ముస్లింలకు సరిసమాన స్థానాలన్నారు. జనాభాలో ఎనిమిదో వంతు ఉన్నవాళ్లకు సగం వాటా! ఆ సగంలో పల్లె సాయిబుకు ఒక్క కుర్చీ కూడా రాసి లేదు. పేరు వీడిది, జాగా నవాబుది. ఆ పేరుకు బాకీ మాత్రం తర్వాత వీడే తీర్చాడు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య. ఆ తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్‌నూ ఖాజీ అబ్దుల్ గఫార్‌నూ పంపాడు. ఎంత తక్కువగా లెక్కేసినా సంస్థానం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని వాళ్లు రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నింటికంటే ఎక్కువ నష్టపోయాయి. తర్వాతి వరుసలో ఔరంగాబాద్, బీడ్, నల్లగొండలతో పాటు మన మెదక్ ఉంది. ఈ నాలుగింటిలో కనీసం 5 వేల మంది. దశాబ్దాల పాటు ప్రభుత్వం ఆ నివేదికను బయట పెట్టలేదు. జోగిపేట నుంచి నారాయణఖేడ్ మీదుగా వెళితే బీదర్ ఎంతో దూరం లేదు. అటు నుంచి వచ్చిన వార్తలూ, వచ్చిన మనుషులూ ఈ ప్రాంతపు ఇళ్లలో ఎలాంటి నోటిమూతను మిగిల్చి ఉంటాయో ఊహించుకోవాలి. మా ముసలివాళ్లు 'గడ్‌బడ్' అనే ఒక్క మాటతో ఆ ఏడాదినంతా దాటేసేవారు. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు వచ్చేనాటికి ఓటరు జాబితాలో పేరుండటమే వీళ్లకు పెద్ద భరోసా. ఆ జాబితా వీళ్లను ఈ దేశంలో ఉన్నవాళ్లుగా లెక్కబెట్టింది. పోటీ చేయడం అనే ఆలోచన తర్వాతి తరానికి గానీ రాలేదు.

ఈలోగా ఢిల్లీలో సంగతి తేలిపోయింది. 1947 ఆగస్టులో రాజ్యాంగసభ ఉమ్మడి ఓటర్ల జాబితాలతో మైనారిటీలకు కొన్ని స్థానాలు కేటాయించాలని ఒప్పుకుంది. 1949 మే నెలలో అదే సభ ఆ మాట వెనక్కి తీసుకుంది. వద్దన్న ముస్లిం సభ్యులూ ఉన్నారు, కావాలన్నవాళ్లూ ఉన్నారు. దేశం ముక్కలైన గాయం పచ్చిగా ఉన్న వేళ కావాలన్నవాళ్ల గొంతు ఎవరికీ వినబడలేదు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాలను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు అందులో చేరారు. పాకీ పని చేసే మెహతర్ ముస్లిం మాత్రం ఆ గడప అవతలే ఉండిపోయాడు.

1959లో పంచాయతీ సమితులూ జిల్లా పరిషత్తులూ వచ్చాయి. మాటలు చూడండి. సర్పంచ్‌లో 'సర్' పారశీకం, 'పంచ్' హిందీ. జిల్లా అరబ్బీ, పరిషత్తు సంస్కృతం. మాటల్లో కుదిరిన ఈ పొత్తు మనుషుల్లో ఇంత కష్టమెందుకైందో! ఆ సమితుల్లో గెలిచి వచ్చేది ఊరి పెద్దకులాల మగవాళ్లే అని ముందే తెలుసు గనక, స్త్రీలనూ దళితులనూ గిరిజనులనూ కో-ఆప్ట్ చేసుకునే ఏర్పాటు పెట్టారు. అంటే పోటీ చేసి గెలిచినవాళ్లు, గెలవలేని వాళ్లలోంచి తమకు నచ్చిన ఒకరిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటారు. నచ్చకపోతే పిలవరు. కాబట్టి ఆ కుర్చీలో కూర్చున్న మనిషి పిలిచినవాడికి నచ్చేలాగానే మాట్లాడతాడు. ముప్పై ఏళ్లు గడిచాక ఇది ప్రాతినిధ్యం కాదని దేశం ఒప్పుకుంది. 73వ రాజ్యాంగ సవరణ స్త్రీలనూ దళితులనూ గిరిజనులనూ ఆ కుర్చీలోంచి లేపి, రిజర్వు చేసిన వార్డులిచ్చి, ఓటర్ల ముందుకు పంపింది. ఆ సవరణను లోక్‌సభ 1992 డిసెంబరు 22న ఆమోదించింది, రాజ్యసభ ఆ మర్నాడు.

ఆ తేదీని మరోసారి చదవండి. బాబ్రీ మసీదు కూలి అప్పటికి పదహారు రోజులు. దేశంలో ముస్లింలు ప్రాణాలు ఉంటే చాలనుకుంటున్న రోజుల్లో, పంచాయతీల్లో మా వాటా ఏదని అడిగే తీరిక ఎవరికుంటుంది? అడిగినా వినేదెవరు? ఆ సవరణలో స్త్రీలకు మూడో వంతు ఉంది, షెడ్యూల్డు కులాలకు తెగలకు జనాభా కొద్దీ ఉంది. వెనుకబడిన తరగతులకు ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. మైనారిటీ అన్న మాట లేదు.

దాని వెంట 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. అందులో మన మాట ఉంది. మండల పరిషత్తులో ఒకరిని, జిల్లా పరిషత్తులో ఇద్దరిని మైనారిటీల నుంచి కో-ఆప్ట్ చేసుకోవాలి. మున్సిపాలిటీల్లోనూ ఇలాంటి కుర్చీలున్నాయి. స్త్రీలూ దళితులూ ఖాళీ చేసిన పాత కుర్చీనే దుమ్ము దులిపి మనకిచ్చారన్న మాట. 2018 తెలంగాణ చట్టమూ దాన్ని అలాగే అట్టిపెట్టింది.

ఈ కుర్చీ ఎలా నిండుతుందో చూడని సెక్యులర్ మిత్రుల కోసం చెబుతాను. మండల పరిషత్తు అధ్యక్షుడి ఎన్నిక జరిగే రోజునే ఇదీ జరుగుతుంది. పొద్దున నామినేషన్. ఎవరు వేయాలో రాత్రే ఎమ్మెల్యే ఇంట్లోనో, కాబోయే అధ్యక్షుడి క్యాంపులోనో తేలిపోయి ఉంటుంది. ఎంపీటీసీలు చేతులెత్తుతారు, చాలాసార్లు అదీ అక్కర్లేకుండా ఏకగ్రీవం. మెడలో దండ పడుతుంది. తర్వాత అధ్యక్షుడి ఎన్నిక. పొద్దున ఈయన్ను ఎన్నుకున్న చేతులే మధ్యాహ్నం మళ్లీ లేస్తాయి, ఈయన చెయ్యి మాత్రం ఒళ్లోనే ఉంటుంది. సభలో మాట్లాడొచ్చు, ఓటు లేదు. ఐదేళ్ల పాటు బోరు బావి ఏ వాడకు, సిమెంటు రోడ్డు ఏ గల్లీకి అని తీర్మానాలు జరిగినప్పుడల్లా అంతే. ఓటు లేని మాటను మినిట్సు పుస్తకంలో రాసుకోవడానికి ఎవరు తొందరపడతారు? ఖబరస్తాన్ ప్రహరీ గోడ గురించి ఒకే విజ్ఞప్తిని వరసగా ఐదేళ్లు చదివిన కో-ఆప్షన్ సభ్యులను విలేకరిగా నేను చూశాను. అధ్యక్షుడు ప్రతిసారీ 'చూద్దాం చిచ్చా' అన్నాడు. చిచ్చా కూర్చున్నాడు.

ఇందులో తప్పంతా పైవాళ్ల మీద తోసేస్తే సరిపోదు. ఆ కుర్చీ మీద మనలో కొందరికి మోజు ఎక్కువ. మసీదు కమిటీలో ఉన్నవాడో, నాలుగు షాపుల మలగీలు ఉన్నవాడో, సయ్యదు వంశం అని చెప్పుకునేవాడో దానికోసం ఆర్నెల్లు ముందు నుంచి తిరుగుతాడు. ఓటర్ల దగ్గరికి వెళ్లి ఓడిపోయే నామోషీ లేకుండా లెటర్‌హెడ్డు వస్తుంది. బదులుగా ఎన్నికల రోజు బస్తీ ఓట్లు ఫలానా గుర్తుకు పడేలా చూడాలి. పది వందల ఓట్ల చెయ్యి ఇచ్చి, ఓటు లేని ఒక్క నోరు కొనుక్కుంటున్నాం. బేరం తెలిసిన కటిక దుకాణం వాడైనా ఇలాంటి బేరం చేయడు.

పంచాయతీలో నిజంగా గెలిచి కూర్చున్న ముస్లింలు ఇంకో దారిలో వచ్చారు. దాన్ని మన ఖాందానీ పెద్దలు చాలాకాలం గుర్తించలేదు, గుర్తించినా నవ్వారు. 1970లో వెనుకబడిన తరగతుల జాబితా తయారైనప్పుడు దూదేకుల, లద్దాఫ్, నూర్‌బాష్, పింజారి పేర్లు బీసీ-బిలో చేరాయి. మెహతర్ బీసీ-ఏలో. 1995లో కొత్త చట్టం కింద జరిగిన ఎన్నికల్లో బీసీలకు 34 శాతం స్థానాలు కేటాయించారు. ముస్లింలలో ఆ స్థానాలకు పోటీ చేయగలిగింది ఈ కొద్దిమందే. మన పెళ్లి దావతుల్లో చివరి దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టే దూదేకుల మనిషి ఊరి బీసీ సీటులో నిలబడి, చాకలి మంగలి గొల్ల ఓట్లు అడిగి, గెలిచి, పంచాయతీలో చెయ్యెత్తాడు. నమాజు సరిగా చదవడం రాదని ఆయన్ను వెక్కిరించిన పెద్దమనిషి అదే రోజుల్లో కో-ఆప్షన్ కోసం ఎమ్మెల్యే గుమ్మంలో కాచుకుని ఉన్నాడు. ఇద్దరిలో ఎవరు ప్రజాప్రతినిధి?

2007 చట్టంతో బీసీ-ఇ వచ్చింది. షేక్, ఖురేషీ, ఫకీరు, హజామ్, ధోబీ, అత్తరు సాయిబులు, తురక కాశ మొదలైన పద్నాలుగు సమూహాలకు చదువులో, ఉద్యోగాల్లో 4 శాతం. హైకోర్టు కొట్టేస్తే 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. ఇంజనీరింగు సీటు కోసం తీసుకున్న ఈ బీసీ సర్టిఫికెట్టు బీసీ వార్డుకు నామినేషన్ వేయడానికి కూడా పనికొస్తుందని చాలామందికి ఆలస్యంగా తెలిసింది. పంచాయతీ చట్టంలో బీసీ అంటే ప్రభుత్వం సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడినట్టు గుర్తించినవాళ్లే గనక. పిల్లవాడి అడ్మిషన్ కోసం తహసీల్దారు ఆఫీసుకు తిరిగిన తండ్రి అదే కాగితంతో వార్డు మెంబరయ్యే అర్హత ఇంటికి తెచ్చుకున్నాడు.

జోగిపేట లాంటి చోట ఈ అర్హతకు విలువ మరీ ఎక్కువ. ఆందోలు అసెంబ్లీ స్థానం దశాబ్దాలుగా షెడ్యూల్డు కులాలకు రిజర్వు. దళితులకు దక్కాల్సిందే, పేచీ లేదు. పక్కనే జహీరాబాద్ నుంచి మహమ్మద్ ఫరీదుద్దీన్ 1999లోనూ 2004లోనూ గెలిచి మంత్రి కూడా అయ్యాడు. 2009 ఎన్నికల నాటికి నియోజకవర్గాల పునర్విభజనలో అదీ ఎస్సీ స్థానమైంది. ముస్లింలు ఎక్కువగా ఉన్న స్థానాలను ఎస్సీలకు కేటాయించే ధోరణి గురించి 2006లో సచార్ కమిటీ చేసిన హెచ్చరిక అప్పటికే కాగితాల్లో ఉంది. దళితుణ్ణీ ముస్లిమునూ ఒకే కుర్చీ కోసం ఎదురుబొదురు నిలబెట్టడం ఎవరికి లాభమో వేరే చెప్పాలా? అసెంబ్లీ వాకిలి ఇలా మూతబడ్డ చోట, వార్డు, పంచాయతీ, మున్సిపాలిటీ తప్ప మనిషి నిలబడి అడగడానికి ఇంకో జాగా లేదు. జోగిపేట, ఆందోలు కలిసి నగర పంచాయతీ అయ్యాక 2014 మార్చి 30న, మున్సిపాలిటీగా 2020 జనవరి 22న ఎన్నికలు చూశాయి.

హైదరాబాదు అనుభవం ఇక్కడ పనికిరాదని కూడా చెప్పాలి. అక్కడ మజ్లిస్ 1960 నుంచే మున్సిపల్ వార్డుల్లో వేళ్లు దించింది. సలాహుద్దీన్ ఒవైసీ మొదట గెలిచింది మల్లేపల్లి వార్డులోనే. 1980ల రెండో సగంలో ఆ పార్టీ ప్రకాశరావు లాంటి హిందువులను మేయర్లను చేసింది. సంఖ్య చేతిలో ఉన్నవాళ్లు ఆడగలిగిన ఆట అది. సంగారెడ్డి, సదాశివపేట, జోగిపేటల్లో మన గల్లీలు రెండో మూడో. వార్డుల హద్దులు గీసేటప్పుడు ఒక గల్లీని నడిమికి కోస్తే చాలు, రెండు వార్డుల్లోనూ మనం గెలిపించేవాళ్లమే గానీ గెలిచేవాళ్లం కాము. పైగా పగలు బస్తీలో మగవాళ్లుండరు. పొద్దున బస్సుకు పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కూలికి పోతారు, కొందరు గల్ఫ్‌లో ఉంటారు. వార్డుల ముసాయిదా నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించిన వారం రోజులు ఎవరూ చదవకుండానే దాటిపోతాయి. ఉర్దూ వచ్చిన ముసలాయనకు తెలుగు రాదు. తెలుగు వచ్చిన మనవడు షిఫ్టులో ఉంటాడు.

చిత్రం ఏమిటంటే, ముస్లింలు కొద్దిమందే ఉన్న పల్లెల్లో మనవాళ్లు గెలవడం నేను ఎక్కువ చూశాను. నాలుగు గడపల సాయిబులున్న ఊళ్లో పీర్ల పండుగకు అలావా తవ్వేది గొల్లవాళ్లు, పీరెత్తేది సాలెవాళ్లు. ముజావరు కొడుకు వార్డుకు నిలబడితే 'మన సాయిబే కదా' అని వేస్తారు. పట్నంలో అదే మనిషి 'వాళ్ల' మనిషైపోతాడు. రెండు పక్షాలా జెండాలు పెరిగిన కొద్దీ ఈ 'మన' అన్న మాట పల్లెలో కూడా పలచబడుతోంది. పీరు దగ్గరికి పోవడం షిర్క్ అని కొత్తగా చదువుకొచ్చిన మన కుర్రాళ్లు చావిడి వైపు చూడటం మానేశారు. మతం సంగతి వాళ్లిష్టం. దాంతోపాటు ఊరితో ఉన్న ఏ దారం తెగుతోందో మాత్రం వాళ్లు చూసుకోలేదు.

ఆడవాళ్ల సంగతి వేరు. స్థానాల్లో సగం స్త్రీలకని 2011లో చట్టం మారాక బీసీ మహిళ వార్డులో నిలబెట్టడానికి మన ఇళ్లలోంచీ పేర్లు వచ్చాయి. పోస్టరు మీద భర్త ఫొటో పెద్దది, ఆమెది ఉంటే చిన్నది, చాలాసార్లు పేరు మాత్రమే. ఇది మన ఒక్కరి జబ్బు కాదు, రెడ్ల ఇళ్లలోనూ చూస్తున్నాం. అయినా మొదటిసారి సమావేశంలో సంతకం పెట్టిన ఆమె రెండో ఏడు నల్లా నీళ్ల గురించి భర్త కన్నా గట్టిగా అడిగిన సందర్భాలున్నాయి. నీళ్లు మోసేది ఆమే.

ఇంత ఇరుకు దారి కూడా ఇప్పుడు తగాదాలో పడింది. 2010 మేలో సుప్రీంకోర్టు, చదువులో వెనుకబాటు వేరు, రాజకీయ వెనుకబాటు వేరు, మొత్తం రిజర్వేషన్లు సగం దాటకూడదు అంది. 34 శాతం ఉన్న బీసీ వాటా 2019 పంచాయతీ ఎన్నికల్లో దాదాపు 23కు దిగింది. 2024 చివర రాష్ట్ర ప్రభుత్వం జరిపిన కులసర్వేలో ముస్లింలు 12.56 శాతమని తేలింది. అందులో బీసీ ముస్లింలే 10.08 శాతం. ఆ సర్వే ఆధారంగా 2025 మార్చిలో బీసీలకు స్థానిక సంస్థల్లో 42 శాతం అని శాసనసభ బిల్లులు చేసింది. వెంటనే బీజేపీ నాయకులు అందులోంచి ముస్లింలను తీసేయాలన్నారు. బీసీ సీట్లు సాయిబులు తన్నుకుపోతున్నారని గల్లీ గల్లీకి చెప్పారు. 1970 నుంచి జాబితాలో ఉన్న దూదేకుల మనిషి కూడా ఒక్క పూటలో దొంగయ్యాడు. సెప్టెంబరు 26న 42 శాతంతో జీవో వచ్చింది, అక్టోబరు 9న హైకోర్టు నిలిపింది. చివరికి డిసెంబరు 11, 14, 17 తేదీల్లో సగం పరిమితికి లోబడే పంచాయతీ ఎన్నికలు జరిగాయి.

ఈ గొడవ నడిచినన్నాళ్లూ మన సంఘాల నుంచి వచ్చిన ప్రకటనల్లో మైనారిటీ హక్కులన్న మాట పదిసార్లుంటే, బీసీ అన్న మాట ఒక్కసారి ఉంది. పక్కనున్న కుమ్మరి, వడ్డెర, ముదిరాజ్ సంఘాలతో కలిసి కూర్చుని, మేమూ మీ జాబితాలో వాళ్లమే, మా 10 శాతాన్ని కూడా లెక్కబెట్టాకే మీ 42 అయిందని చెప్పిన జిల్లా సమావేశం నా కంటికి కనిపించలేదు. ముస్లిం రాజకీయ వెనుకబాటును వార్డు వార్డుకూ లెక్కలేసి కోర్టు ముందు పెట్టే పనీ ఎవరూ ఎత్తుకోలేదు. ఆ లెక్కలకు కావలసినవన్నీ ప్రతి పంచాయతీ ఆఫీసులో గెలిచినవాళ్ల రిజిస్టర్లలో పడి ఉన్నాయి.

మండల పరిషత్తుల గడువు 2024 జూలైలో ముగిసింది. వాటితో పాటే కో-ఆప్షన్ కుర్చీలూ ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత హోటళ్ల దగ్గర చాయ్ తాగుతూ మనవాళ్లు మాట్లాడుకున్నది ఆ కుర్చీ ఈసారి ఎవరికన్నదే. వార్డుల ముసాయిదా నోటీసు ఎదురుగోడకే అంటించి ఉంది.